ఘాతీయ వృద్ధి, క్షయం లెక్కలు తప్పు పోకుండా చేయడం ఎలా?

"ఫార్ములా నోటికొచ్చు, కానీ పరీక్షలో లెక్క తప్పుతోంది." హైస్కూల్ ఆల్జీబ్రాలో ఘాతీయ వృద్ధి, క్షయం పాఠం మొదలైన వారానికల్లా నా దగ్గరికి వచ్చే మాట ఇదే. పిల్లలూ అంటారు, పక్కన కూర్చుని చెప్పే తల్లిదండ్రులూ అంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఈమధ్య ఒక అమ్మాయి తన నోట్‌బుక్ తెచ్చి చూపించింది. లెక్క ఇది: ఒక యంత్రం విలువ 8,000. ఏటా 20 శాతం తగ్గుతుంది. మూడేళ్ల తర్వాత ఎంత? తను 8,000 × 0.2³ అని వేసి, జవాబు 64 అని గీత గీసింది. ఫార్ములా రూపం సరిగ్గానే ఉంది. ఘాతాంకం 3 సరైనదే. గుణకారంలోనూ పొరపాటు లేదు. "మొదటి ఏడాది అయ్యేసరికి ఎంత ఉంటుంది?" అని అడిగాను. నోటితోనే వేసుకుని "6,400" అంది. "నువ్వు రాసిన దాని ప్రకారం?" అన్నాను. 8,000 × 0.2 చేసి చూసుకుంది. 1,600 వచ్చింది. కాసేపు ఆ రెండు సంఖ్యలనీ మార్చి మార్చి చూసింది. తర్వాత నేనేమీ చెప్పకుండానే 0.2 కొట్టేసి 0.8 రాసింది.

ఈ పాఠంలో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం ఇలాగే పోతాయి. ఫార్ములా మర్చిపోయి కాదు. "ఒక్కో అడుగులో దేనితో గుణిస్తున్నాం?" అన్న ప్రశ్న వేసుకోకుండా నేరుగా ఫార్ములాలోకి దిగిపోవడం వల్ల. కింద చెప్పే పద్ధతంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఏమేం కావాలి

– ఒక నోట్‌బుక్, నాలుగైదు గ్రాఫ్ పేపర్లు.
– ఘాతాల బటన్, లాగ్ (సంవర్గమానం, అంటే ఘాతాంకం ఎంతో కనుక్కునే లెక్క) బటన్ ఉన్న సైంటిఫిక్ కాలిక్యులేటర్. ఫోన్‌లోని కాలిక్యులేటర్ అయినా పనికొస్తుంది. చాలా ఫోన్లలో అడ్డంగా తిప్పితే ఆ బటన్లు కనిపిస్తాయి.
– రెండు రంగుల పెన్నులు. ఒకటి లెక్క చేయడానికి, రెండోది సరిచూసుకోవడానికి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ వారం తర్వాత నోట్‌బుక్ తిరగేస్తే మీ తప్పులు ఎక్కడ పోగవుతున్నాయో రంగును బట్టే తెలిసిపోతుంది.
– రోజుకు అరగంట చొప్పున వారం రోజులు. ఆదివారం ఒక్కరోజే మూడున్నర గంటలు కూర్చుంటే అంత ఫలితం ఉండదు.

శాతాన్ని దశాంశంగా మార్చడం, ఘాతాంక న్యాయాలు ముందే వచ్చి ఉండాలి. లాగ్ ఇంకా చెప్పకపోతే పర్వాలేదు. అది ఎనిమిదో మెట్టులో తప్ప ఎక్కడా అవసరం రాదు, అక్కడ కూడా వేరే దారి చెప్తాను.

1. ముందు అది ఘాతీయమో కాదో తేల్చుకోండి

పట్టిక ఇస్తే పక్కపక్క విలువలను తీసివేసి చూడండి, తర్వాత భాగించి చూడండి.

3, 7, 11, 15: తేడా ప్రతిసారీ 4. ఇది సరళరేఖ, అంటే అంకశ్రేఢి.
3, 6, 12, 24: నిష్పత్తి ప్రతిసారీ 2. ఇది ఘాతీయం, అంటే గుణశ్రేఢి.
2, 6, 12, 20: తేడాలు 4, 6, 8. నిష్పత్తులు 3, 2, 1.67. రెండూ స్థిరంగా లేవు. వేగంగా పెరుగుతోంది కదా అని దీన్ని ఘాతీయం అనేస్తారు, కాదు.

జాగ్రత్త: భాగించే ముందు కాలం వరుస చూడండి. 0వ గంటలో 5, 1వ గంటలో 10, 3వ గంటలో 40, 4వ గంటలో 80 అని ఇచ్చారనుకోండి. నిష్పత్తులు 2, 4, 2 వస్తాయి. "స్థిరంగా లేదు, ఘాతీయం కాదు" అని రాసేస్తే తప్పు. 2వ గంట పట్టికలో లేదు, అంతే. మధ్యలో 20 పెట్టి చూడండి, అంతటా నిష్పత్తి 2 అవుతుంది.

2. శాతాన్ని గుణకంగా మార్చండి

మొత్తం పాఠంలో ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇదే. సూత్రం చిన్నది: పెరిగితే 1కి కలపండి, తగ్గితే 1 నుంచి తీసేయండి. ఆ 1 ఎందుకంటే అది మీ దగ్గర ఇప్పటికే ఉన్న మొత్తం, అంటే 100 శాతం. ఏడు శాతం పెరిగితే పాత వంద ఎక్కడికీ పోదు, దానిమీద ఏడు చేరుతుంది. అందుకే 1.07.

ఈ కింది వాటిని కుడివైపు మూసి ఒక్కొక్కటీ చెప్పి చూసుకోండి:

7 శాతం పెరిగింది: 1.07
0.5 శాతం పెరిగింది: 1.005 (1.05 కాదు, 1.5 అసలే కాదు)
3 శాతం తగ్గింది: 0.97
12.5 శాతం తగ్గింది: 0.875
100 శాతం పెరిగింది: 2
150 శాతం పెరిగింది: 2.5
200 శాతం పెరిగింది: 3

చివరి రెండింటి దగ్గర చాలామంది ఆగిపోతారు. 200 శాతం పెరగడం అంటే రెట్టింపు కావడం కాదు, మూడు రెట్లు కావడం. రెట్టింపు అంటే 100 శాతం పెరగడమే.

ఇక మన భాషలోనే ఒక చిక్కు ఉంది. "20 శాతం తగ్గింది" అంటే గుణకం 0.8. "20 శాతానికి తగ్గింది" అంటే గుణకం 0.2. ఒక్క "కి" చేరితే జవాబు మొత్తం మారిపోతుంది. అలాగే "మూడో వంతు తగ్గింది" అంటే మిగిలింది మూడింట రెండు వంతులు, "మూడో వంతుకు తగ్గింది" అంటే మిగిలింది మూడో వంతే. లెక్క చదివేటప్పుడు ఆ "కి", "కు" ల కింద గీత గీయండి. నా దగ్గర చదువుకునే వాళ్లందరికీ మొదటి రోజే ఈ అలవాటు చేయిస్తాను.

తర్వాత వెనక్కి కూడా చేయండి. గుణకం 0.93 అంటే 7 శాతం తగ్గుదల. 1.2 అంటే 20 శాతం పెరుగుదల, 2 శాతం కాదు. 0.4 అంటే 60 శాతం తగ్గుదల. ముందుకు పది, వెనక్కి పది తడుముకోకుండా చెప్పగలిగే దాకా మూడో మెట్టుకు వెళ్లొద్దు.

3. ఫార్ములా ముట్టుకోకుండా మూడు అడుగులు చేత్తో వేయండి

మొదట్లో ప్రతి లెక్కకూ ఇది చేయాల్సిందే. యంత్రం లెక్కనే తీసుకుందాం.

0వ ఏడు: 8,000
1వ ఏడు: 8,000 × 0.8 = 6,400
2వ ఏడు: 6,400 × 0.8 = 5,120
3వ ఏడు: 5,120 × 0.8 = 4,096

మొదటి వరుస 0తో మొదలుకావాలి. 8,000ని 1వ ఏడు అని రాస్తే ఆ తర్వాత అన్నీ ఒక మెట్టు జరిగిపోతాయి.

పట్టికలో ఇంకొకటి గమనించండి. మొదటి ఏడాది 1,600 తగ్గింది, రెండో ఏడాది 1,280, మూడో ఏడాది 1,024. శాతం ఒకటే అయినా తగ్గిన మొత్తం ఏటా చిన్నదవుతోంది, ఎందుకంటే 20 శాతం తీసేది ప్రతిసారీ మిగిలిన దాంట్లోంచే. ఇది కళ్లతో చూస్తే "20 శాతం చొప్పున ఐదేళ్లకు సున్నా అయిపోతుంది కదా" అన్న అనుమానం మళ్లీ రాదు.

4. ఇప్పుడు ఫార్ములా రాయండి

చివరి విలువ = మొదటి విలువ × గుణకం^సార్లు

ఇక్కడ ^ గుర్తు తర్వాత ఉన్నది ఘాతాంకం. మీ పుస్తకంలో వృద్ధికి ఒకటి, క్షయానికి ఒకటి అని రెండు ఫార్ములాలు ఉండొచ్చు. రెండూ ఇదే. గుణకం 1 కంటే ఎక్కువైతే వృద్ధి, 0కీ 1కీ మధ్య ఉంటే క్షయం. రెండింటినీ విడివిడిగా కంఠస్థం చేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే టెన్షన్‌లో ఏది ఎక్కడ వాడాలో కలగాపులగం అవుతుంది.

యంత్రం లెక్కకు 8,000 × 0.8³ = 8,000 × 0.512 = 4,096. చేత్తో వేసిన పట్టికతో కలిసిందా? కలిస్తేనే ముందుకు.

తరచూ జరిగే తప్పు: 8,000ని 0.8తో ముందే గుణించి, వచ్చిన 6,400ని ఘనం చేయడం. అలా చేస్తే 26,214 కోట్లు దాటుతుంది. ఘాతం గుణకానికి మాత్రమే. ముందు ఘాతం, తర్వాత గుణకారం.

5. "సార్లు" ఎన్నో లెక్కపెట్టండి

ఘాతాంకం స్థానంలో పెట్టేది కాలం కాదు, మార్పు ఎన్నిసార్లు జరిగిందన్నది. రెండూ ఒకటే అయ్యేది మార్పు ఏడాదికోసారి జరిగి, కాలం ఏళ్లలోనే ఇచ్చినప్పుడు.

ఈ.కోలై బాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. 500తో మొదలైతే 2 గంటల్లో ఎన్ని? కొందరు 500 × 2² అంటారు, గంటలు పెట్టేసి. కొందరు 500 × 2¹²⁰ అంటారు, నిమిషాలు పెట్టేసి. 2¹²⁰ అంటే 37 అంకెల సంఖ్య. సరైనది 120 ÷ 20 = 6 సార్లు. 500 × 2⁶ = 500 × 64 = 32,000.

అందుకని ఫార్ములాకు ముందు ఒక వరుస విడిగా రాయండి: "మొత్తం కాలం ÷ ఒక్కో మార్పుకు పట్టే కాలం = సార్లు". రెండు కాలాలూ ఒకే ప్రమాణంలో ఉండాలి.

చక్రవడ్డీలో ఇదే విషయం ఇంకో రూపంలో వస్తుంది. ఏడాదికి 12 శాతం, నెలనెలా వడ్డీ అసలులో కలుస్తుంది అంటే నెలకు 1 శాతం. గుణకం 1.01. రెండేళ్లకు 24 సార్లు. అసలు 10,000 అయితే 10,000 × 1.01²⁴ = 12,697.35. ఏడాదికోసారి కలిస్తే 10,000 × 1.12² = 12,544. కొంచెమే తేడా ఉండాలి, నెలనెలాది కొంచెం ఎక్కువ ఉండాలి. మీ జవాబు లక్షల్లోకి వెళ్లిందంటే 1.12ని 24వ ఘాతం చేసి ఉంటారు. శాతాన్ని, సార్లను రెండింటినీ మార్చాలి. ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే లెక్క పోయినట్టే.

6. అర్ధ జీవితకాలం లెక్కలు

హాఫ్ లైఫ్, అంటే ఒక పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలం, అనగానే కొత్త పాఠం అనుకుంటారు. కొత్తదేమీ లేదు. గుణకం 0.5, "సార్లు" అంటే ఎన్ని అర్ధ జీవితకాలాలు గడిచాయో అది.

అయోడిన్-131 అర్ధ జీవితకాలం సుమారు 8 రోజులు. 80 మిల్లీగ్రాములు ఉంటే 24 రోజులకు 3 సార్లు సగమవుతుంది: 80, 40, 20, 10. జవాబు 10 మిల్లీగ్రాములు.

మరి 20 రోజులకు? 20 ÷ 8 = 2.5 సార్లు. ఘాతాంకం పూర్ణాంకం కాకపోతే కంగారు పడకండి. 80 × 0.5^2.5 ≈ 14.14. దీన్ని ఇలా సరిచూడండి. 16 రోజులకు 20, 24 రోజులకు 10. కాబట్టి జవాబు ఆ రెండింటి మధ్యే ఉండాలి. 20వ రోజు సరిగ్గా మధ్యలో ఉంది కదా, మరి 15 ఎందుకు రాలేదు? గ్రాఫ్ కిందికి కుంగిన వంపు కాబట్టి, మధ్యలో విలువ సగటు కంటే కొంచెం తక్కువే ఉంటుంది. 14.14 కరెక్ట్. 15 వచ్చిందంటే మీరు సరళరేఖ గీశారన్నమాట.

అభ్యాసానికి నిజమైన సంఖ్యలు కావాలంటే ఇవి వాడుకోండి. వైద్య పరీక్షల్లో వాడే టెక్నీషియం-99ఎమ్ ది 6 గంటలు. కోబాల్ట్-60 ది 5.27 ఏళ్లు. సీజియం-137 ది సుమారు 30 ఏళ్లు. కార్బన్-14 ది 5,730 ఏళ్లు. యురేనియం-238 ది దాదాపు 447 కోట్ల ఏళ్లు. టెక్నీషియం ఒక రోజులో ఎన్నో వంతు మిగులుతుందో ఇప్పుడే నోటితో చెప్పి చూడండి. నాలుగుసార్లు సగం, అంటే పదహారో వంతు.

7. వెనక్కి వెళ్లే లెక్కలు

మొదటి విలువ అడిగితే: చివరి విలువను గుణకం ఘాతంతో భాగించండి. ఏటా 25 శాతం తగ్గుతూ మూడేళ్లకు 1,350 మిగిలింది, మొదట ఎంత? 1,350 ÷ 0.75³ = 1,350 ÷ 0.421875 = 3,200. ఇక్కడ చాలామంది "వెనక్కి వెళ్తున్నాం కాబట్టి 25 శాతం పెంచుదాం" అని 1.25³తో గుణిస్తారు. అది సుమారు 2,637 ఇస్తుంది, తప్పు. తగ్గింది పెద్ద మొత్తంలో 25 శాతం, మీరు పెంచుతున్నది చిన్న మొత్తంలో 25 శాతం. గుణకారానికి తిరుగు భాగహారమే.

రెండు విలువలు ఇచ్చి సమీకరణం అడిగితే: 3వ గంటలో 270, 5వ గంటలో 2,430 అనుకోండి.

ఒకటి, నిష్పత్తి చూడండి: 2,430 ÷ 270 = 9.
రెండు, ఆ 9 ఎన్ని అడుగుల్లో వచ్చింది? 5 − 3 = 2 అడుగుల్లో.
మూడు, గుణకం² = 9 కాబట్టి గుణకం 3. (9 ÷ 2 = 4.5 అని రాయకండి. కూడికల్లో అయితే భాగిస్తాం, గుణకారాల్లో మూలం తీస్తాం.)
నాలుగు, 270 ÷ 3³ = 10. ఇదే మొదటి విలువ.
ఐదు, రెండో పెన్నుతో సరిచూడండి: 10 × 3⁵ = 2,430. కలిసింది.

సరిచూసేటప్పుడు 5వ గంట విలువతోనే చూడండి. 270ని మీరు లెక్కలోనే వాడారు కాబట్టి గుణకం తప్పైనా అది కలిసిపోతుంది, తప్పు బయటపడదు.

8. "ఎంత కాలానికి?" అని అడిగితే

ఇక్కడ ఘాతాంకమే తెలియదు. ఎప్పుడూ మొదట రెండు వైపులా మొదటి విలువతో భాగించండి. యంత్రం విలువ 8,000 నుంచి 1,000కి ఎప్పుడు వస్తుంది? 1,000 ÷ 8,000 = 0.125. అంటే 0.8ని ఎన్నో ఘాతం చేస్తే 0.125 అవుతుందో కావాలి.

లాగ్ రాకపోతే: కాలిక్యులేటర్‌తో వేసి చూడండి. 0.8⁹ ≈ 0.134. 0.8¹⁰ ≈ 0.107. కాబట్టి 9కీ 10కీ మధ్య, 9కి దగ్గరగా. చాలా పరీక్షల్లో "ఎన్నో ఏడాదిలో 1,000 కంటే తగ్గుతుంది" అనే అడుగుతారు, దానికి 10వ ఏడాదిలో అన్న జవాబు సరిపోతుంది.

లాగ్ వస్తే: లాగ్ 0.125 ÷ లాగ్ 0.8 ≈ 9.32 ఏళ్లు. రెండు లాగ్‌లూ రుణ సంఖ్యలే, భాగిస్తే ధనం అవుతుంది. కాలం రుణంగా వచ్చిందంటే ఎక్కడో తిరగేశారని అర్థం. లాగ్ (0.125 ÷ 0.8) అని బ్రాకెట్ లోపల భాగించడం ఇంకో పాత తప్పు. రెండు లాగ్‌లు విడివిడిగా తీసి, ఆ తర్వాత భాగించాలి.

ఇదే పద్ధతితో పురాతన వస్తువుల వయసు కడతారు. విల్లార్డ్ లిబ్బీకి 1960లో రసాయనశాస్త్ర నోబెల్ తెచ్చిపెట్టిన కార్బన్ డేటింగ్ వెనక ఉన్న గణితం మీరు ఇప్పుడు చేస్తున్నదే. ఒక ఎముకలో కార్బన్-14 మొదటి దాంట్లో 30 శాతమే మిగిలితే: లాగ్ 0.3 ÷ లాగ్ 0.5 ≈ 1.737 అర్ధ జీవితకాలాలు. 1.737 × 5,730 ≈ 9,950 ఏళ్లు. సరిచూపు: 50 శాతానికి 5,730, 25 శాతానికి 11,460. 30 శాతం రెండో దానికి దగ్గర. సరిపోయింది.

రెట్టింపు కాలం తొందరగా కావాలంటే 72ని శాతంతో భాగించండి. 5 శాతానికి 72 ÷ 5 = 14.4. అసలు విలువ 14.2. అంచనాకు ఇది చాలు. శాతం బాగా పెద్దదైతే మాత్రం ఈ చిట్కా నమ్మొద్దు: 100 శాతానికి 0.72 అని చెప్తుంది, నిజానికి 1.

9. వారంలో రెండు గ్రాఫ్‌లు చేత్తో గీయండి

ఐదారు బిందువులు చాలు. స్కేలు పెట్టి కలపొద్దు, వంపుగా చేత్తో కలపండి. నిలువు అక్షాన్ని తాకే చోటు మొదటి విలువ కావాలి. క్షయం గ్రాఫ్ అడ్డ అక్షానికి దగ్గరవుతూ పోవాలి కానీ తాకకూడదు.

జవాబు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

నేను నాలుగు రకాలుగా చూస్తాను. మొదటిది దిశ: క్షయమైతే జవాబు మొదటి విలువ కంటే తక్కువ ఉండాలి, వృద్ధి అయితే ఎక్కువ. దీనికి రెండు సెకన్లు పడుతుంది, అయినా చాలామంది చూడరు.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఒకటి కంటే ఎక్కువ అడుగులు ఉన్నప్పుడు ఘాతీయ జవాబు మామూలు కూడికతో వచ్చే జవాబు కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. వృద్ధిలోనే కాదు, క్షయంలో కూడా. యంత్రం లెక్కలో ఏటా 20 శాతం చొప్పున మూడేళ్లకు 60 శాతం పోయిందనుకుంటే 3,200 మిగలాలి. అసలు జవాబు 4,096, దానికంటే ఎక్కువ. ఆ అమ్మాయికి వచ్చిన 64 ఈ పరీక్షలో అక్కడికక్కడే దొరికిపోతుంది. దీన్ని బెర్నూలీ అసమానత అంటారు. పేరు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, వాడకం గుర్తుంటే చాలు.

మూడోది అంచనా. 2¹⁰ అంటే 1,024, సుమారు వెయ్యి. ఇది ఒక్కటి గుర్తుంటే పెద్ద ఘాతాలు నోటితో కట్టొచ్చు. 0.1 మిల్లీమీటర్ల మందం ఉన్న కాగితాన్ని 42 సార్లు మడతపెట్టగలిగితే ఎంత మందం? 2⁴² అంటే 4 × వెయ్యి × వెయ్యి × వెయ్యి × వెయ్యి. దాన్ని 0.1తో గుణించి కిలోమీటర్లలోకి మారిస్తే సుమారు 4 లక్షల కిలోమీటర్లు. కచ్చితంగా వేస్తే 4.4 లక్షలు వస్తుంది. చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. కాలిక్యులేటర్ లేకుండా ఇంత దగ్గరికి రాగలిగారంటే, కాలిక్యులేటర్ తప్పు చూపించినప్పుడు మీకే తెలిసిపోతుంది. క్షయానికీ ఇదే: పది అర్ధ జీవితకాలాల తర్వాత సుమారు వెయ్యో వంతు మిగులుతుంది.

నాలుగోది, జవాబును లెక్కలో తిరిగి పెట్టి చూడటం. అది ఎలాగో ఏడో మెట్టులో చూశాం.

కాలిక్యులేటర్ దగ్గర జరిగే తప్పులు

80 × (1/2)^(20/8) అని కొట్టాల్సిన చోట బ్రాకెట్లు వదిలేసి 80 × 1/2^20/8 అని కొడితే 0.0000095 లాంటిది వస్తుంది. ఘాతాంకంలో భిన్నం ఉంటే బ్రాకెట్ తప్పనిసరి. అసలు 1/2 బదులు 0.5 వాడితే సగం గొడవ తగ్గుతుంది.

రెండో తప్పు గుణకాన్ని ముందే కుదించడం. పదేళ్లకు రెట్టింపయ్యే దాని ఏడాది గుణకం 1.07177. దాన్ని 1.07 అని కుదించి 50 ఏళ్లకు వేస్తే 29.5 రెట్లు వస్తుంది. నిజానికి 32 రెట్లు, ఐదుసార్లు రెట్టింపు కదా. కుదింపు ఏదైనా చివరి వరుసలోనే.

ఇక మీరు చేయండి

వరుసగా ఒకే రకం లెక్కలు పది చేస్తే చేయి అలవాటుపడుతుంది కానీ లెక్క చదవడం రాదు. అందుకే కలిపి ఇస్తున్నాను. ప్రతి లెక్కకూ మొదట గుణకం, తర్వాత సార్లు రాసి, ఆ తర్వాతే ఫార్ములా రాయండి.

అ) 1,200 ఏటా 15 శాతం పెరుగుతుంది. నాలుగేళ్లకు ఎంత?
ఆ) 640 గ్రాముల పదార్థం, అర్ధ జీవితకాలం 6 గంటలు. 30 గంటలకు ఎంత మిగులుతుంది?
ఇ) ప్రతి 4 రోజులకూ మూడు రెట్లయ్యే జనాభా 50తో మొదలైంది. 12 రోజులకు ఎంత? 10 రోజులకు ఎంత?
ఈ) 2వ గంటలో 36, 5వ గంటలో 972. మొదటి విలువ, గుణకం చెప్పండి.
ఉ) ఏటా 10 శాతం తగ్గేది ఎన్నో ఏడాదిలో సగం కంటే కిందికి వస్తుంది?
ఊ) 350 × 0.94^సార్లు. ఈ సమీకరణం ఏం చెప్తోంది?
ఋ) ఒక విలువ 40 శాతం పెరిగి, తర్వాత 40 శాతం తగ్గింది. మొత్తం మీద ఏమైంది?

జవాబులు

అ) 1,200 × 1.15⁴ ≈ 2,098.81. కూడిక ప్రకారం 1,920, దానికంటే ఎక్కువే వచ్చింది. 1,920 వచ్చినవాళ్లు బారువడ్డీ వేశారు.
ఆ) 5 సార్లు సగం, 20 గ్రాములు.
ఇ) 50 × 3³ = 1,350. పది రోజులకు 50 × 3^2.5 ≈ 779. మధ్యలో 8 రోజులకు 450, కాబట్టి 450కీ 1,350కీ నడుమ ఉండాలి, సగటు 900 కంటే తక్కువ ఉండాలి.
ఈ) నిష్పత్తి 27, మూడు అడుగులు, గుణకం 3. మొదటి విలువ 36 ÷ 9 = 4. గుణకం 9 అని వచ్చినవాళ్లు 27ని మూడుతో భాగించారు, ఏడో మెట్టు మళ్లీ చదవండి.
ఉ) 0.9⁶ ≈ 0.531, 0.9⁷ ≈ 0.478. ఏడో ఏడాదిలో. ఐదేళ్లు అని రాసినవాళ్లు 10 శాతాన్ని ఐదుసార్లు కూడారు.
ఊ) మొదటి విలువ 350, ఒక్కో అడుగుకు 6 శాతం తగ్గుదల. 94 శాతం తగ్గుదల అని రాస్తే రెండో మెట్టులోని "కి" దగ్గరికి వెళ్లండి: అది 94 శాతానికి తగ్గుతోంది.
ఋ) 1.4 × 0.6 = 0.84. మొదటి దానికంటే 16 శాతం తక్కువ. ముందు తగ్గి తర్వాత పెరిగితే వేరే జవాబు వస్తుందా? రాసి చూడండి, గుణకారంలో వరుస మారినా లబ్ధం మారదు.